‘ఐ యామ్ కమింగ్’ అంటే తప్పేంటట?

ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ‘చదువుకున్నవాళ్ళు కూడా చేసే ఇంగ్లిష్ తప్పులు’ అని హెడ్డింగ్, వాక్యాల పక్కన ఎర్రటి ఇంటూ గుర్తులు, చివర ‘పదిమందికీ పంపండి’ అనే ఆజ్ఞ. అందరూ శ్రద్ధగా పాటిస్తున్నట్టున్నారు. సారాంశం ఇది: ‘కమ్’ అంటే మాట్లాడేవాడి వైపు రావడం, ‘గో’ అంటే అతని నుంచి దూరంగా పోవడం. అందుకని ‘ఐ విల్ కమ్ టు యువర్ హౌస్’ తప్పు, ‘గో’ అనాలి. ‘బ్రింగ్’, ‘టేక్’లకూ ఇదే సూత్రం. ‘గాన్’, ‘బీన్’ రెండూ ఒకటే. ‘వెంట్’ అసలు ‘గో’ సొంతం కాదు. ‘కమ్’ శుభం, ‘గో’ అశుభం.

చిన్నవి ముందు తేల్చేద్దాం. ‘హి హ్యాజ్ గాన్ టు లండన్’ అంటే మనిషి ఇంకా తిరిగి రాలేదు. ‘హ్యాజ్ బీన్’ అంటే వెళ్ళొచ్చాడు. రెండూ ఒకటెలా అయ్యాయో రాసినవారికే తెలియాలి. ‘వెంట్’ సంగతి నిజమే. అది ‘వెండ్’ అనే పాత క్రియకు భూతకాల రూపం, తర్వాత ‘గో’ పంచన చేరింది.

నాకు ఒళ్ళు మండేది మొదటి పాయింటుతోనే. ‘కమ్’ మాట్లాడేవాడి వైపే కాదు, వినేవాడి వైపు కూడా పనిచేస్తుంది. చార్లెస్ ఫిల్‌మోర్ అనే అమెరికన్ భాషావేత్త 1971లో కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ రెండు మాటలనూ విప్పి చూపించాడు. ఇప్పుడు ఎక్కడున్నామన్నదే కాదు, చేరే సమయానికి ఎవరు అక్కడుంటారన్నదీ లెక్కే. ఇంట్లో కూర్చునే ‘కమ్ టు ద ఆఫీస్ టుమారో’ అనొచ్చు, రేపు నేను ఆఫీసులో ఉంటాను గనక. ‘ఐ కేమ్ టు యువర్ హౌస్ యెస్టర్‌డే, బట్ యూ వర్ అవుట్’ అన్నదీ సరైన వాక్యమే. అప్పుడు ఇంట్లో లేకపోయినా ఇల్లు మీదే కదా. ‘అయామ్ గోయింగ్ టు ఎ మూవీ, డు యూ వాంట్ టు కమ్?’ అన్నప్పుడైతే థియేటర్లో ఇద్దరూ లేరు. అయినా ‘కమ్’ వచ్చింది, ఎందుకంటే నాతోపాటు రమ్మంటున్నాను.

ఇదంతా తెలుగువాడికి కొత్తా? ‘రేపు మీ ఇంటికి వస్తాను’ అంటాం. ‘నిన్న మీ ఇంటికి వచ్చాను, మీరు లేరు’ అంటాం. ‘సినిమాకి వెళ్తున్నా, వస్తావా?’ అంటాం. అంటే పుట్టుకతో వచ్చిన సరైన అలవాటును ఈ మెసేజ్ పనిగట్టుకుని చెడగొడుతోంది. లోపలి గదిలోంచి ‘భోజనానికి రా’ అని పిలిస్తే ‘అయామ్ గోయింగ్’ అని జవాబిచ్చి చూడండి. అలిగి బయటికి పోతున్నారనుకుంటారు. ‘సర్, ఐ విల్ గో టు యువర్ ఆఫీస్ టుమారో’ అంటే, ఆయన లేని సమయం చూసి వెళ్తానన్నట్టు ఉంటుంది. ఉద్యోగానికి మంచి శకునం!

పిలిచినవాళ్ళకు ‘వెళ్తున్నా’ అని బదులిచ్చే భాషలు లేకపోలేదు. స్పానిష్‌లో ‘యా వోయ్’ అంటారు, జపనీస్‌లో ‘ఇమా ఇకిమాస్’ అంటారు. రెండిట్లోనూ ఉన్నది ‘వెళ్ళు’ క్రియే. మెసేజ్ రాసినవారు స్పానిష్ పాఠం చెప్పబోయి హెడ్డింగ్ మార్చడం మరిచారేమో.

‘బ్రింగ్’, ‘టేక్’లకు వేరే విచారణ అక్కర్లేదు. తీసుకురావడంలో ‘రా’, తీసుకెళ్ళడంలో ‘వెళ్ళు’ ఉన్నాయి. మీ పార్టీకి నేను కేకు ‘బ్రింగ్’ చేస్తాను, కంగారుపడకండి.

ఇక శుభం, అశుభం. నవ్వి వదిలేద్దామనుకున్నాను గానీ, ఇందులో కొంత పస ఉంది. పాడైతే ‘గో బ్యాడ్’, పిచ్చెక్కితే ‘గో మ్యాడ్’, చూపు పోతే ‘గో బ్లైండ్’. కల నిజమైతే ‘కమ్ ట్రూ’, స్పృహ వస్తే ‘కమ్ రౌండ్’. మామూలు స్థితిని వదిలిపోతే ‘గో’, దానికి తిరిగొస్తే ‘కమ్’ అని ఈవ్ క్లార్క్ అనే భాషావేత్త 1974లో వివరించింది. ‘ద ప్లేన్ కేమ్ డౌన్ నియర్ ద లేక్’ అంటే క్షేమంగా దిగినట్టు తోస్తుంది, ‘వెంట్ డౌన్’ అంటే కూలినట్టు. అలాగని శకునాలు చూడకండి. కుట్లు ఊడిపోతే ‘కమ్ అన్‌డన్’, నిర్దోషిగా విడుదలైతే ‘గో ఫ్రీ’.