బీరువా గారూ, తాళంచెవి నా దగ్గరే ఉంది

మహారాజశ్రీ బీరువా గారికి, మూడో తరగతి టీచరు నమస్కరించి రాయునది ఏమనగా.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి కానీ మీ క్షేమం సంగతి వేరే అడగక్కర్లేదు, రోజూ చూస్తూనే ఉన్నాను. హెడ్మాస్టరు గారి కుర్చీ వెనకాల గోడకి ఆనుకుని, బూడిదరంగు ఒంటి మీద తెల్ల పెయింటుతో "గ్రంథాలయం" అని రాయించుకుని, నెత్తిన స్టాండు విరిగిన గ్లోబూ, పోయిన రిపబ్లిక్ డే నాటి రంగుకాగితాల తోరణాలూ, రెండు జెండా కర్రలూ పెట్టుకుని హాయిగా ఉన్నారు. బడిలో ఫ్యాను కింద ఉండేది మీరూ హెడ్మాస్టరు గారే.

మీ కడుపులో ఏముందో కూడా నాకు తెలుసు. పై అరలో చిక్కీల అట్టపెట్టె. దాని కింద మధ్యాహ్న భోజనం రిజిస్టర్లు, పాత పరీక్ష పేపర్ల కట్టలు. మూడో అరలో గాలిపోయిన వాలీబాలు, ఎవరి కొలతకీ సరిపడక మిగిలిపోయిన యూనిఫాం జతలు. అట్టడుగున, వంగితే తప్ప కనపడని చోట, 312 పుస్తకాలు. లెక్కపెట్టి చెప్పడం లేదండీ, స్టాక్ రిజిస్టర్లో అలా ఉంది. బీరువా మీద రాసింది గ్రంథాలయం కాబట్టి మనది గ్రంథాలయం ఉన్న బడి. ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలి, అందులో పత్రికలు, కథల పుస్తకాలు ఉండాలి అని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఉండాలి అంది, ఉన్నాయి. తెరిచి ఉండాలని మాత్రం అందులో ఎవరూ రాయలేదు, మీరు ఆ పాయింటు బాగానే పట్టారు.

మీ తలుపు ఠంచనుగా తెరుచుకునేది ఏడాదికి ఒక్క వారం, నవంబరు 14 నుంచి 20 దాకా, గ్రంథాలయ వారోత్సవాలప్పుడు. మీకు పసుపు రాసి బొట్టు పెడతాం, బంతిపూల దండ వేస్తాం, అరటిపండు మాత్రం గ్లోబు మీద నిలవక కింద పడుతుంది. పిల్లల్ని వరసగా కూచోబెట్టి తలా ఒక పుస్తకం చేతికిచ్చి ఫోటో తీస్తాం. రెండేళ్ల కిందట ఫోటో తీసింది నేనే. ముందు వరసలో రెండో తరగతి పిల్ల ఒకతి, పుస్తకం చేతిలో పడగానే తల వంచేసి, పెదాలు కదుపుతూ, వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. నాలుగు ఫోటోల్లోనూ దాని పాపిడి తప్ప మొహం రాలేదు. నాకు విసుగొచ్చి అరిచాను: "పుస్తకంలోకి కాదమ్మా, ఇటు చూడు, ఫోన్లోకి చూడు!" పిల్ల గబుక్కున తల ఎత్తింది, ఫోటో చక్కగా వచ్చింది, గ్రూపులో పెట్టాను, పై నుంచి మూడు చప్పట్ల బొమ్మలు వచ్చాయి. పుస్తకాలు వెనక్కి తీసుకుని మీ కడుపులో పెట్టి తాళం వేశాను. ఆ మాట అన్నది నేనే అని ఇవాళ్టికీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకు చెప్తున్నాను, మీరు ఇనుము కాబట్టి.

అసలు ఆ తాళం ఎందుకు పుట్టిందో మీకూ నాకూ తెలుసు. పుస్తకాల మీద ప్రేమతో కాదు, రిజిస్టర్ మీద భయంతో. మునుపటి హెడ్మాస్టరు గారు బదిలీ మీద వెళ్తూ చార్జి అప్పగించేటప్పుడు రెండు రోజులు నేల మీద బాసింపట్టు వేసుకుని మీ పుస్తకాలు లెక్కపెట్టారు. మూడు తగ్గాయి. ఒక్కోటీ పాతిక, ముప్ఫై రూపాయలుండే బొమ్మల పుస్తకాలు, పెద్దాయన బీపీ మాత్ర వేసుకుని, జేబులోంచి డబ్బు తీసి కట్టి, నాతో ఒక మాటన్నారు: "అమ్మా, పిల్లాడికి చదువు రాకపోతే నన్నెవరూ రికవరీ అడగరు, పుస్తకం పోతే అడుగుతారు." ఆ రోజు నుంచీ తాళంచెవి నా కొంగుకి చేరింది. బడుల కోసం కేంద్రం పెట్టిన సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక బడికి లైబ్రరీ గ్రాంటు ఏడాదికి 5,000 రూపాయల దాకా ఉంటుంది, ఆ డబ్బుతో పుస్తకాలు కొనడం తేలికే, పిల్లాడికి ఇవ్వడానికే ధైర్యం కావాలి.

ఇహ మీ దగ్గరున్న పుస్తకాల సంగతి. ఎవరు ఎంపిక చేశారో గానీ ఒకటో తరగతి పిల్లల కోసం వచ్చిన వాటిలో విజయానికి మెట్లు, సమయపాలన, వ్యక్తిత్వ వికాసం లాంటివి నలభై దాకా ఉన్నాయి. పళ్లూడిన ఆరేళ్లవాడికి వికసించడానికి వ్యక్తిత్వం కన్నా ముందు పళ్లు రావాలి కదండీ. వాటిని మీరే దాచుకోండి, నాకు అభ్యంతరం లేదు. వాటి కింద నలిగిపోయిన ఏనుగు కథలూ, నక్క కథలూ, పేజీకి రెండు లైన్లూ పేజీ నిండా బొమ్మా ఉన్నవీ, అవండీ నాకు కావలసినవి.

ఎందుకు కావాలో చెప్తాను. మా తరగతిలో ఒక పిల్లాడున్నాడు, తెలుగు వాచకంలో ఏ పాఠం అడిగినా కళ్లు మూసుకుని గడగడా అప్పజెప్పేస్తాడు, మండల విద్యాధికారి, ఎంఈఓ గారు వచ్చినప్పుడు లేపేది వాణ్ణే. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటిరా అంటే మొదటి నుంచి మొదలుపెట్టి, పాడుకుంటూ వచ్చి, ఆ మాట దగ్గర ఆగి, నా మొహం చూస్తాడు. వాడి తప్పు కాదు. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు అంటూ మెట్లు ఎక్కిస్తూనే ఉన్నాం, పైన ఏముందో చూపించలేదు. పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం దేశంలో పల్లెల్లోని సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. అంటే నలుగురిలో ఒకరు కూడా పూర్తిగా లేరు. 2021లో కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ అని ఒక కార్యక్రమం పెట్టి, 2026-27 కల్లా మూడో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లాడూ అర్థం చేసుకుని చదవాలి అన్నారు. దాని కోసం మాకు శిక్షణలు ఇచ్చారు, చార్టులు ఇచ్చారు, టెస్టులు పెట్టి పిల్లల్ని ఏ, బీ, సీ అని విడదీసి ఆ మార్కులు యాప్‌లో ఎక్కించమన్నారు. ఎక్కిస్తున్నాం. సర్వర్ డౌన్ అయిన రోజు తీరిక దొరికి పాఠం కూడా చెప్తున్నాం.

అలా సీ గ్రేడులో పడ్డ పిల్లాడొకడు బడి గేటు పక్కన కట్టిన ఫ్లెక్సీ మీద "జన్మదిన శుభాకాంక్షలు" అని ఒక్క గుక్కలో చదివాడండీ. న్మ ఒత్తు, క్ష, దీర్ఘం, ఏదీ పొల్లుపోలేదు. సంయుక్తాక్షరాలు రావని నేను వాడి పేరు పక్కన ఎర్ర ఇంకుతో రాసి అప్పటికి వారమే అయింది. ఎలా చదివావురా అంటే "మా మామయ్య ఫొటో ఉంది టీచర్ అందులో" అన్నాడు. కింది నుంచి రెండో వరసలో, స్టాంపు బిళ్లంత. మామయ్య మొహం కోసం వాడు అన్ని ఒత్తులూ దాటుకుంటూ వెళ్లాడు. మీ అట్టడుగు అరలో ఉన్న నక్క కోసమూ వెళ్లేవాడే, మీరు పోనిస్తేగా.

పోనిచ్చారు, పోయిన ఆగస్టులో. మీ ఇష్టంతో కాదు లెండి. మూడు రోజుల ముసురుకి స్లాబు కారి, నీళ్లు సరిగ్గా మీ నెత్తి మీదే ధార కట్టాయి. వాన వెలిశాక పుస్తకాలన్నీ తీసి వరండాలో చాపల మీద, అట్టలు పైకి కనపడేలా ఆరబెట్టాను. ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. వడియాల మీదకి కాకులు వచ్చినట్టు వచ్చారు పిల్లలు. నేను నిజంగానే కర్ర పట్టుకుని కాపలా కూచున్నాను, మొదటి పది నిమిషాలూ "ముట్టుకోవద్దు, తడిగా ఉన్నాయి" అని అదిలించాను కూడా. తర్వాత ఫోన్ వస్తే లేచాను. తిరిగొచ్చేసరికి వరండాలో చప్పుడు లేదు. మా బడిలో ఇంటర్వెల్లో చప్పుడు లేకపోతే ఎవరికో దెబ్బ తగిలిందని అర్థం, గుండె గుభేలుమంది. దెబ్బ కాదు. ముప్ఫై మంది గోడ వారగా కూలబడి చదువుతున్నారు. చదవడం రానివాళ్లు బొమ్మలు చూసి కథ కల్పించి పక్కవాళ్లకి చెప్తున్నారు, అసలు కథ కన్నా బాగా. ఆ పాపిడి పిల్ల, ఇప్పుడు నాలుగో తరగతి, ఇద్దరు చిన్నపిల్లల్ని రెండు పక్కలా కూచోబెట్టుకుని చదివి వినిపిస్తోంది. "నక్క ఇప్పుడేం చేస్తదో చెప్పుకోండి" అని మధ్యలో ఆపుతోంది. ఆ పద్ధతి శిక్షణలో నాకు ఐదు రోజులు నేర్పారు, దానికి ఎవరు నేర్పారో తెలీదు.

సాయంత్రం లెక్కపెడితే 34 తక్కువ. చొక్కాల్లో దూర్చుకుని ఇళ్లకి పట్టుకుపోయారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు, రికవరీ ఎంతవుతుందో నోటితోనే లెక్కలు. వారం రోజుల్లో ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, మళ్లీ వెళ్లాయి, మళ్లీ వచ్చాయి. ఒకదాని మీద పండుమిరపకాయ పచ్చడి మరక. ఒకదానికి చెల్లెలు చింపిన పేజీని అన్నం మెతుకులతో అతికించి తెచ్చాడు ఒకడు, ఇంకా తడి ఆరలేదు. ఒక నాయనమ్మ బడికి వచ్చి మరీ అడిగింది: "నాకు అచ్చరం ముక్క రాదు పంతులమ్మా, మావాడు మూడు సార్లు చదివాడు, ఆ ముసలాయన చివరికి ఊరికి చేరాడా లేదా, ఆఖరి కాయితం లేదు." ఉన్న మాట చెప్పాలంటే ఇంకో తల్లి కూడా వచ్చింది, పాఠాలు వదిలేసి ఈ కథలేంటండీ అని. ఆవిడకి సరైన జవాబు చెప్పలేకపోయాను, ట్యూషన్‌కి డబ్బు కట్టే మనిషి.

మా వైపు కాలువల సంగతి మీకు తెలీదనుకుంటా, మీరు రైసుమిల్లు లారీలో వచ్చారు. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు ఇక్కడి గుంటూరు జిల్లా పెదవడ్లపూడి నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు, ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లు తీసుకుని చదువుకోవాలని. నీళ్ల మీద, ఎండలో, వానలో, పడవ మీద! ఆ పుస్తకాలు అన్ని ఊళ్లు తిరిగాయి. మీ అర నుంచి మా తరగతి గదికి పదమూడు అడుగులు, నేనే టేపు పెట్టి కొలిచాను, ఆ పదమూడు అడుగులూ దాటడానికి పుస్తకాలకి ఒక స్లాబు కారాల్సి వచ్చింది. గ్రంథాలయాలకి గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రాలు రాస్తే వాటిలో మొదటిదే పుస్తకాలు వాడుకోవడానికి అని. అంత తెలిసిన సంగతిని సూత్రంగా రాయాల్సిన అవసరం ఏమొచ్చిందా అనుకునేదాన్ని. మిమ్మల్ని చూశాక అర్థమైంది.

మీ మీద కోపం లేదు. చిక్కీలు మీరే కాపాడండి, ఎలకల బాధ ఎక్కువగా ఉంది. అట్టడుగు అర మాత్రం ఖాళీ చేశాను, మీతో చెప్పకుండా. తరగతిలో గోడకి రెండు దండేలు కట్టి పుస్తకాలు వాటి మీద వేలాడదీశాను, ఇప్పుడు అవి ఉతికిన బట్టల్లా ఉన్నాయి, గాలికి ఊగుతుంటాయి.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, సోమవారం స్టాక్ వెరిఫికేషన్ ఉందట. 312కి 301 ఉన్నాయి. అడిగితే చెదలు తిన్నాయని చెప్తాను. ఇనప బీరువాలో చెదలేంటి అని అడుగుతారేమో, అప్పుడు మీరు ఏమీ అనకుండా తలుపు కాస్త కిర్రుమనిపించి బిగుసుకుపోండి, లోపల చూడకుండా సంతకం పెట్టేసి వెళ్లిపోతారు. ఇన్నేళ్లూ చేసిన పనే కదా, ఈ ఒక్కసారి నా కోసం చేయండి.

ఇట్లు,
తాళంచెవి ఇంకా కొంగుకే ఉన్న
మూడో తరగతి టీచరు

తా.క.: ఉత్తరం మడిచేలోపు ఒకటి తిరిగొచ్చింది, రెండు వెళ్లాయి. 300 అని దిద్దుకోగలరు.