పుంజని నేనంటే పుంజే

కోడిపిల్లను చూడగానే అది పుంజో పెట్టో చెప్పగలిగిన కొద్దిమందిలో నేనొకణ్ని. గొప్ప కోసం చెప్పడం లేదు, లెక్కలున్నాయి. ఇన్నేళ్లలో నేనిచ్చిన తీర్పుల్లో సగం నిజమయ్యాయి. మిగతా సగం సంగతంటారా, ఆ పిల్లలు పెరిగిన తీరులోనే ఏదో లోపం ఉంది. నాణెం ఎగరేసినా ఇంతే కదా అని అసూయాపరులు అంటుంటారు. నాణేనికి నాకున్నంత అనుభవం ఉందా?

ఈ విద్య నిన్నా మొన్నటిది కాదు. పూర్వం గుడ్డు దశలోనే తీర్పు చెప్పేసేవాళ్లు. కోలగా, మొన తేలిన గుడ్డులోంచి పెట్ట వస్తుందని అరిస్టాటిల్ రాశాడు. కొన్ని శతాబ్దాల తర్వాత రోమ్‌లో ప్లినీ అనే రచయిత, కాదు, గుండ్రటి గుడ్డులోంచే పెట్ట వస్తుందన్నాడు. ఇద్దరిదీ ఒకటే ధీమా. ఇద్దరికీ నాలాగే సగం సగం కలిసొచ్చి ఉంటుంది. కోడిగుడ్డుకు ఈకలు పీకడమని జనం వెక్కిరిస్తారు గానీ, మా వృత్తికి పునాది పడింది ఆ గుడ్డు మీదే.

తర్వాత వచ్చినవాళ్లు మా నోట్లో మట్టి కొట్టారు. 1920ల్లో జపాన్‌లో కియోషి మసూయి, ఆయన తోటివాళ్లు ఒకరోజు వయసున్న పిల్లను తిరగేసి, మలద్వారం మెల్లగా విప్పి, లోపలి చిన్న బుడిపెను చూసి చెప్పే పద్ధతి బయటపెట్టారు. దీన్ని బాగా నేర్చినవాళ్లు గంటలో వెయ్యి పిల్లల దాకా చూసేస్తారు. నూటికి 95కు పైగా సరిగ్గా చెబుతారు. ఇందులో సస్పెన్స్ ఏముంది? పైగా చేతకానివాడు ప్రయత్నిస్తే పిల్లకే ప్రమాదం. చేయి తిరగాలంటే ఎంతో సాధన కావాలి. నాకు ఒక్క చూపు చాలు.

అది చాలదన్నట్టు, కేంబ్రిడ్జ్‌లో పనెట్ అనే ఆయన, తోటి శాస్త్రవేత్త పీజ్‌తో కలిసి, పుట్టగానే నూగు రంగును బట్టి ఆడామగా తెలిసిపోయే జాతుల్నే తయారుచేశాడు. ఈకల మీద చారలు తెచ్చే జన్యువు పుంజుకు రెండు పాళ్లు అందితే, పెట్టకు ఒక్కటే అందుతుంది. అందుకని పుంజుపిల్ల నూగు పాలిపోయి ఉంటుంది, పెట్టపిల్లది ముదురుగా ఉంటుంది. చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు. ఇక నాబోటివాడు ఎందుకు?

అదృష్టం కొద్దీ, పెరట్లో కలగాపులగంగా పుట్టే పిల్లల దగ్గర ఈ సూత్రాలు పనిచేయవు. రెక్క ఈకలు చూసి చెప్పే పద్ధతీ అంతే. అందుకోసం ప్రత్యేకంగా జతకట్టించిన రకాల్లో, అదీ పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లోనే నమ్మదగ్గది. నేను మాత్రం అన్ని పిల్లలకీ, అన్ని వయసుల్లోనూ వాడతాను. రెక్క విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, కళ్లు చిన్నవి చేసి, "ఊఁ" అంటాను. అక్కడితో చుట్టూ ఉన్నవాళ్ల టెన్షన్ సగం తగ్గిపోతుంది.

జాతి చెప్పడం ఇంకా హాయి. పసుపుపచ్చటి నూగున్న పిల్ల పెద్దయ్యాక తెల్ల లెగ్‌హార్న్ కావచ్చు, బఫ్ ఆర్పింగ్టన్ కావచ్చు. వీపు మీద ఉడత చారలుంటే ఎన్ని జాతుల పేర్లయినా చెప్పుకోవచ్చు. కాళ్లకు ఈకలున్నాయా, వేళ్లు నాలుగా అయిదా, తురాయి ఒంటి రేకుదా బఠాణీ గింజల వరసలా ఉందా అని చూడమంటారు కొందరు. వేళ్లు లెక్కపెట్టడం నా స్థాయికి తగదు. మరీ ఇరుకున పడితే "క్రాస్" అంటాను. ఆ మాట ఇంతవరకూ ఓడిపోలేదు. సిల్కీ జాతి కోళ్లంటే నాకు ప్రాణం. నెలలు గడిచినా అవి ఆడో మగో బయటపడవు.

మొన్నటి కేసు చెబుతాను. ఎదురింటావిడ ఒక పిల్లను తెచ్చి చూపిస్తే, నిలబడిన తీరు చూసి పుంజన్నాను. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, ఆ పూటే దానికి భీముడని పేరు పెట్టేశారు. ఆరు వారాలకు తోటి పుంజుపిల్లల తురాయిలు ఎర్రబడ్డాయి, భీముడిది పాలిపోయే ఉంది.

"ఏమండీ, పెట్టేమో?" అన్నారావిడ.

"సిగ్గరి" అన్నాను.

మూడో నెల దాటినా మెడ మీదా నడుము మీదా కోసుగా పొడుగాటి ఈకలు రాలేదు. అన్నీ గుండ్రటి కొసలే. సెబ్రైట్ జాతిలో పుంజుకు కూడా పెట్ట ఈకలే ఉంటాయని చెప్పాను. ఇది పచ్చి నిజం. భీముడు సెబ్రైట్ కాదన్నది వేరే సంగతి. అయిదో నెలకీ కూత లేదు. మితభాషి అన్నాను.

ఆరో నెలలో ఆవిడ గుడ్డు పట్టుకుని వచ్చారు.

నేనేం తడబడలేదు. 1474లో బాసెల్ నగరంలో గుడ్డు పెట్టిందన్న నేరం మీద ఒక పుంజును విచారించి, తగలబెట్టారని గుర్తుచేశాను. "చూశారా, శిక్ష పడింది కోడికే. దాన్ని పుంజన్నవాళ్లకు కాదు" అన్నాను. ఆవిడ గుడ్డు వైపు చూశారు, నా వైపు చూశారు, వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా అట్టపెట్టెలో నాలుగు కొత్త పిల్లలతో మళ్లీ వచ్చారు. ఒక్కోదాన్నీ ఎత్తి, రెక్క విప్పి, "ఊఁ" అని, రెండు పుంజులు, రెండు పెట్టలు అన్నాను. ఏవి ఏవో ఆవిడ అడిగేలోపు పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వచ్చేశాను.