127 పళ్ళ గేరు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 127 పళ్ళ గేరు గారి దివ్య సముఖానికి, నల్గొండలో రేకుల షెడ్డు కింద పాత లేత్ (ఇనుమును తిప్పుతూ చెక్కే యంత్రం) నడుపుకొనేవాడు నమస్కరించి రాసుకొనే విన్నపం.

మిర్యాలగూడలో మూతపడ్డ ఒక రైస్ మిల్లు సామానులో ఈ లేత్‌ను కొన్ననాడు, 20 పళ్ళు మొదలు 100 పళ్ళ వరకు తమరి బంధువులందరూ గ్రీజు పూసుకొని డబ్బాలో దర్శనమిచ్చారు గాని తమరు మాత్రం లేరు. అమ్మినాయనను అడిగితే, "ఒక్కటే కదా సార్ తక్కువ" అన్నాడు. పెండ్లికొడుకు తప్ప ఊరేగింపంతా ఉన్నదని ఆయన ధీమా.

నా లేత్‌లో కోసే ఉలిని ముందుకు జరిపే లీడ్ స్క్రూకు అంగుళానికి 4 మరలు. మన దేశం మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టం చేసిన సంగతి దానికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. జనం తెచ్చే బోల్టులేమో మిల్లీమీటర్లవి. 2 మిల్లీమీటర్ల మర కోయాలంటే 40 పళ్ళ గేరు నడిపించాలి, తమరు నడవాలి, అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు గనుక, దాన్ని అయిదుతో హెచ్చవేస్తే వచ్చే తమరికి తప్ప ఈ రెండిండ్ల మధ్య సంబంధం కలిపే అధికారం మరెవరికీ లేదట.

సరే, నేనే కోసుకుందామని బీడు బిళ్ళ తెచ్చాను. అప్పుడు తెలిసింది తమరి గుణం. తమరు ప్రధాన సంఖ్య; చుట్టును సమాన భాగాలుగా పంచే నా డివైడింగ్ హెడ్ ప్లేట్లలో ఏ రంధ్రాల వరుసకూ లొంగరు. కట్టరు దగ్గర మరో తిరకాసు: 55 నుంచి 134 పళ్ళకు వాడే కట్టరు, పంటి సైజును అంగుళాల్లో లెక్కించే డయామెట్రల్ పిచ్ వరుసలో 2వ నంబరు, మిల్లీమీటర్లలో లెక్కించే మాడ్యూల్ వరుసలో 7వ నంబరు.

చివరకు మా ఆవిడ కుట్టు మిషను మీది టేపే దిక్కయింది. 50 అంగుళాలంటే సరిగ్గా 127 సెంటీమీటర్లు. అక్కడికి కత్తిరించి, 40 సెంటీమీటర్ల పైచిలుకు వ్యాసమున్న చెక్క చక్రానికి చుట్టి, రెండు కొసలు సందు లేకుండా కలిసేదాకా గరుకు కాగితంతో చెక్కను అరగదీసి, ఆ చక్రాన్ని సెంటీమీటరు చొప్పున తిప్పుతూ ఇనుప ప్లేటుకు 127 రంధ్రాలు వేశాను. రంధ్రం కాస్త అటూ ఇటూ అయినా డివైడింగ్ హెడ్ పిడి 40 చుట్లు తిరిగితేనే బిళ్ళ ఒక చుట్టు తిరుగుతుంది గనుక ఆ తప్పు నలభయ్యో వంతుకు తగ్గుతుంది. టేపు గురించి ఇంట్లో అయిన గొడవ మాత్రం నలభయ్యో వంతుకు తగ్గలేదు.

ఆ ప్లేటు మీద పంటికి 40 రంధ్రాలు జరపాలి. తొంభై ఒకటో పంటి దగ్గర 20 లెక్కపెట్టి ఉండగా ఫోను మోగింది. మాట్లాడి వచ్చి, మళ్ళీ మొదటి నుంచి 40 జరిపాను. ఒక పన్ను ఏనుగు దంతమయింది. చుట్టు ముగిసేసరికి అర పన్నుకు సరిపడే జాగా మిగిలింది.

ప్రస్తుతం తమరి ఉద్యోగాన్ని డబ్బా అడుగున పడి ఉన్న 63 పళ్ళ గేరు, 80 పళ్ళదాన్ని తోడు చేసుకొని, ఎనిమిది వేలకు ఒక వంతు తప్పుతో వెళ్ళబుచ్చుతున్నది. మొన్న ఆ జోడీతో కోసిన బోల్టుకు నట్టు ఎక్కించి చూసుకొన్న రైతు, "మంచిగనే పట్టింది సారూ" అని డబ్బులిచ్చి బాయికాడికి పోయాడు. తమరి క్షేమ సమాచారం అడగలేదు.

ఇట్లు,
126న్నర పళ్ళ గేరు యజమాని