ఉపవాసం సరే, ఆ మాత్రల మాటేమిటి?

ఈ వారంలో ఆ సందేశం నాకు రావడం ఇది నాలుగోసారి. ఇద్దరు పాత స్నేహితులు, ఆఫీసులో పక్క సీటు మనిషి, ఇప్పుడు మా పిన్ని. నలుగురూ నా మంచి కోరే పంపారు. అందుకే ఊరుకోబుద్ధి కావడం లేదు.

సందేశంలో ఉన్నది ఇదీ. పదహారు గంటలు ఉపవాసం ఉండి ఎనిమిది గంటల్లో తినాలి, దీనికి నోబెల్ బహుమతి వచ్చింది. రోజూ కాస్త తగ్గించి తినే డైటింగ్ మెటబాలిజాన్ని చంపేస్తుంది, ఉపవాసం దాన్ని రెట్టింపు చేస్తుంది. ఒంట్లో విషాలన్నీ పోతాయి. ఆ ఎనిమిది గంటల్లో ఏం తిన్నా ఫర్వాలేదు. షుగర్ ఉన్నవాళ్లు 21 రోజులు చేస్తే మాత్రలు అవతల పారేయొచ్చు. చివర్లో "పదిమందికి పంపండి, ఒక ప్రాణం కాపాడండి" అని.

నోబెల్ సంగతి. 2016లో యోషినోరి ఒసుమికి వచ్చిన మాట నిజమే. ఆయన చూసింది ఈస్ట్ కణాలను. పోషకాలు అందనప్పుడు కణం తన లోపలి పాత సరుకును ఎలా విడగొట్టి మళ్లీ వాడుకుంటుందో, ఆ పనిని ఏ జన్యువులు నడిపిస్తాయో తేల్చాడు. ఆటోఫజీ అంటే అది. మనిషి ఎన్ని గంటలు పస్తుండాలన్నది ఆ బహుమతి పరిధిలోనే లేదు. పదహారు అనే అంకెను ఎవరో తెచ్చి దానికి అతికించారు.

విషాల సంగతి. కాలేయం, మూత్రపిండాలు మీరు తిన్నా తినకపోయినా ఆ పని చేస్తూనే ఉంటాయి. దీని మీద ఇంతకు మించి మాట్లాడను.

ఇక మెటబాలిజం చచ్చిపోవడం, రెట్టింపు కావడం. బరువు తగ్గితే ఒళ్లు విశ్రాంతిలో ఖర్చుచేసే శక్తి కూడా తగ్గుతుంది, ఏ దారిలో తగ్గినా సరే. ఒకటి రెండు రోజుల పస్తులో నోరడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి ఆ ఖర్చు కొద్దిగా పెరగొచ్చు. రెట్టింపు అన్నది పచ్చి అబద్ధం. రెండు పద్ధతులనూ ఎదురెదురుగా పెట్టి ఏడాదిపాటు చూసినవాళ్లున్నారు. 2017లో వెలువడిన షికాగో పరిశోధనలో వందమందిని తీసుకున్నారు. కొందరు రోజు విడిచి రోజు దాదాపు పస్తున్నారు, కొందరు రోజూ నాలుగో వంతు తగ్గించి తిన్నారు. ఏడాదికి మొదటివాళ్లు 6 శాతం, రెండోవాళ్లు 5.3 శాతం బరువు తగ్గారు. రక్తపోటులో, ఇన్సులిన్ పనితీరులో తేడా లేదు. మధ్యలో మానేసినవాళ్లు మాత్రం పస్తుల జట్టులోనే ఎక్కువ, 38 శాతం. రెండోదాంట్లో 29. 2022లో చైనాలోని గ్వాంగ్జౌ నుంచి వచ్చిన పరిశోధనలో 139 మందికి కేలరీలు ఒకేలా తగ్గించి, సగం మందిని ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగులోపే తినమన్నారు. వాళ్లు 8 కిలోలు తగ్గితే మిగతావాళ్లు 6.3 కిలోలు తగ్గారు. గణాంకాల లెక్కలో ఆ తేడా నిలబడలేదు.

ఎనిమిది గంటల్లో ఏం తిన్నా ఫర్వాలేదట. 2020లో అమెరికాలో 116 మందితో సరిగ్గా అదే చేయించారు: మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా, తిండి మీద ఏ ఆంక్షా లేకుండా. పన్నెండు వారాలకు తగ్గింది ఒక కిలో లోపే. రోజుకు మూడు పూటలా తిన్నవాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇవన్నీ పట్టుకుని నేను పోట్లాడేవాడిని కాదు. ఎవరో నాలుగు నెలలు వృథాగా పస్తుంటారు, అంతేకదా అని వదిలేసేవాడిని. వదలలేనిది ఆ మాత్రల ముక్క.

కిందటేడు ఇలాంటి సందేశమే చూసి మా మేనమామ ఉదయం తిండి మానేశాడు. మాత్ర మాత్రం ఎప్పట్లాగే వేసుకున్నాడు. అది గ్లిమెపిరైడ్. పదకొండింటికి అత్తయ్య చూసేసరికి చొక్కా తడిసి ముద్దయింది, మాట ముద్దముద్దగా వస్తోంది, ఎదురుగా ఉన్న మనిషిని పోల్చుకోలేకపోతున్నాడు. మీటర్లో షుగర్ 48, ప్రమాదకరంగా తక్కువ. చక్కెర నీళ్లు తాగించగలిగారు కాబట్టి సరిపోయింది. ఇంకో గంట ఆలస్యమై, మింగలేని స్థితికి వచ్చుంటే?

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ రకం మాత్రలు క్లోమం నుంచి ఇన్సులిన్‌ను బయటికి నెడతాయి. కడుపులో తిండి పడిందా లేదా అని అవి చూడవు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలో ఆ ప్రభావం ఇంకా ఎక్కువసేపు ఉండిపోవచ్చు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడుతుంటే వణుకు, గుండెదడ అణిగిపోయి ముందు హెచ్చరిక అందకపోవచ్చు. షుగర్‌ను మూత్రంలోకి పంపించే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలది ఇంకో తీరు. అవి వేసుకుంటూ పస్తుంటే ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో పేరుకుని ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది, అదీ షుగర్ అంత ఎక్కువగా లేనప్పుడు కూడా. మీటర్ చూసి బాగానే ఉన్నామనుకుంటారు. ఇక ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని టైప్ 1 షుగర్ ఉన్న పిల్లవాడి చేత ఈ సందేశం నమ్మి ఇన్సులిన్ మాన్పిస్తే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. "ఒక ప్రాణం కాపాడండి" అని రాసిన మనిషికి ఇందులో ఒక్కటైనా తెలుసా? తెలియనప్పుడు రాయడానికి చెయ్యెలా వచ్చింది?

న్యూజిలాండ్‌లో టైప్ 2, అంటే పెద్దవాళ్లలో మామూలుగా కనిపించే షుగర్ ఉన్న 41 మందితో వారానికి రెండు రోజులు ఉపవాసం చేయించి చూశారు. ముందే మందులు తగ్గించి, జాగ్రత్తలన్నీ నేర్పి మరీ. అయినా ఉపవాసం రోజుల్లో లో షుగర్ రెట్టింపైంది. వైద్యులు పక్కన ఉండగానే అంత జరిగితే, ఫోన్‌లో ఫార్వర్డ్ చూసి చేసేవాళ్ల గతేమిటి?

మందులు మానేసి షుగర్ అదుపులోకి రావడం అసాధ్యమని నేననడం లేదు. 2017లో వెలువడిన, డైరెక్ట్ అనే బ్రిటన్ పరిశోధనలో ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ మధుమేహ స్థాయి కిందికి దిగింది. పదిహేను కిలోలకు పైగా తగ్గినవాళ్లలోనైతే 86 శాతం. వాళ్లు చేసింది పదహారు గంటల ఉపవాసం కాదు. మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 కేలరీలే తీసుకున్నారు. ఈ సందేశం తిట్టిపోస్తున్న రోజువారీ డైటింగే అది! వాళ్లకు జబ్బు బయటపడి ఆరేళ్లు దాటలేదు, ఇన్సులిన్ వాడేవాళ్లను అసలు తీసుకోలేదు, మందులు ఆపింది వైద్య బృందం.

ఇంత చెప్పాక ఒప్పుకోవలసినవీ ఉన్నాయి. ఉపవాసం ఉత్త ఫ్యాషన్ అని రెండేళ్ల క్రితం నేను వాదించాను. అది తప్పు. 2025లో కొలరాడో నుంచి వచ్చిన పరిశోధనలో వారానికి మూడు రోజులు బాగా తగ్గించి తిన్నవాళ్లు ఏడాదికి 7.6 శాతం తగ్గితే, రోజూ డైటింగ్ చేసినవాళ్లు 5 శాతమే తగ్గారు. మధుమేహం అంచున ఉన్న ఎనిమిది మంది మగవాళ్లతో 2018లో చేసిన చిన్న పరిశోధనలో, మధ్యాహ్నం మూడులోపే తిండి ముగిస్తే బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు మెరుగయ్యాయి. ఎనిమిది మందే, నిజమే, కానీ కొట్టిపారేయలేం. ఉపవాసంతో గుండెజబ్బు మరణాలు 91 శాతం పెరుగుతాయని 2024లో తిరిగిన వార్తను కూడా నేను ఎవరి మీదా ప్రయోగించను. రెండు రోజులు ఏం తిన్నారో అడిగి, ఏళ్ల తర్వాతి మరణాలతో ముడిపెట్టిన లెక్క అది.

మామయ్య ఉపవాసం మానలేదు. డాక్టర్ గ్లిమెపిరైడ్ ఆపి తిండి మానినా షుగర్‌ను అంతగా పడేయని మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంచాక మళ్లీ మొదలుపెట్టాడు. పూటపూటకీ కేలరీలు లెక్కపెట్టడం కంటే గడియారం చూసుకోవడం తనకు తేలిక అంటాడు. ఏడు కిలోలు తగ్గాడు.

పిన్నీ, ఇంకెవరికైనా పంపాలనుంటే ఆ 21 రోజుల వాక్యం తీసేసి పంపు. వాళ్లు ఏ మాత్ర వేసుకుంటున్నారో ముందు అడుగు.