చపాతీలు తినమన్నారు సరే, పిండి ఎవరు పిసకాలి?

డాక్టర్ దగ్గరికెళ్తే "మీరు బరువు తగ్గాలమ్మా" అంటారు. ఎలా తగ్గాలండీ అంటే "రాత్రిపూట అన్నం మానేసి రెండు చపాతీలు తినండి, పొద్దున్నే ఓ అరగంట వాకింగ్ చెయ్యండి" అంటారు, ఆ మాట పూర్తయ్యేలోపే తర్వాతి పేషెంటు తలుపు తోసుకుని లోపలికి వచ్చేస్తారు. నాకున్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్, మన వాడుకలో కీళ్లవాతం. వేళ్ల కణుపులు, మణికట్లు, మోకాళ్లు, మడమలు, ఏదీ వదల్లేదు. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు ముడుచుకోవు. ఆ వేళ్లతో గోధుమపిండి ఎలా పిసకాలో, కర్ర లేకుండా బాత్రూమ్ దాకా పోలేని కాళ్లతో అరగంట ఎక్కడ నడవాలో ఆ మందుల చీటీలో ఎక్కడా రాసి ఉండదు.

ఇది ఏ ఒక్క డాక్టరు మీదో కోపం కాదు. మందుల విషయంలో నన్ను నిలబెట్టింది వాళ్లే. నా ఏడుపల్లా ఏంటంటే, బరువు గురించి మన దగ్గర చెలామణీ అయ్యే సలహాలన్నీ కాళ్లూ చేతులూ బాగా ఆడే మనిషిని మనసులో పెట్టుకుని చెప్పేవే. డాక్టరు గారైనా, యూట్యూబ్‌లో మాట్లాడేవాళ్లయినా, మా ఆడపడుచైనా అంతే. అవి కుదరకపోతే మాత్రం "నీకు పట్టుదల లేదు" అని తేల్చేస్తారు. పట్టుదల గురించి నాకు చెప్పకండి బాబూ, నేను రోజూ బ్లౌజు హుక్స్ పెట్టుకునే మనిషిని.

ముందు మందుల సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే చాలామందికి ఇది ఎవరూ విడమరిచి చెప్పరు. జబ్బు విజృంభించినప్పుడు స్టెరాయిడ్ ఇస్తారు. ప్రెడ్నిసొలోన్ లాంటిది వేసుకోగానే వాపు దిగుతుంది, ప్రాణం లేచొస్తుంది, అబద్ధం ఎందుకు. కానీ అది ఆకలిని రేపుతుంది. మామూలు ఆకలి కాదది, కడుపు నిండా తిని చెయ్యి కడుక్కున్నాక కూడా డబ్బాలు వెతికించే ఆకలి. ఒంట్లో నీరు పట్టిస్తుంది. కొవ్వును తీసుకెళ్లి ముఖానికి, పొట్టకి, మెడ వెనక్కి చేరుస్తుంది. కాళ్లలో, చేతుల్లో ఉన్న కాస్త కండనీ తగ్గిస్తుంది, షుగర్ పెంచుతుంది. డోసు ఎంత ఎక్కువైతే, ఎంత ఎక్కువ కాలం వాడితే ఇవి అంత ఎక్కువ. పోనీ లావైపోతున్నామని టక్కున మానేద్దామా అంటే అదింకా ప్రమాదం. చాలా రోజులు వాడాక శరీరం తనంతట తాను తయారుచేసుకునే స్టెరాయిడ్ తగ్గిపోతుంది, అందుకే డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా దించుకోవాలి తప్ప సొంత వైద్యం పనికిరాదు. స్టెరాయిడే కాదు, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్, షుగర్‌కి వాడే ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు, మానసిక సమస్యలకి ఇచ్చే కొన్ని మందులు, ఇవి కూడా బరువు పెంచగలవు. "ఈ మందు వల్ల బరువు పెరుగుతుందా, దీని బదులు ఇంకోటి ఉందా" అని అడగడం తప్పేమీ కాదు. అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కూరగాయలు.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకి మనిషికి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు, పళ్లెంలో సగం అవే ఉండాలని. చాలా మంచి మాట, నాకు ఏ అభ్యంతరం లేదు. ఇంట్లో నలుగురం ఉంటే కిలో ఆరు వందల గ్రాముల కూరగాయలు. తరిగేది ఎవరు? చిక్కుడుకాయలకి ఈనెలు లాగాలి. బీరకాయకి చెక్కు తీయాలి. గోరుచిక్కుళ్లు తుంచాలి. దొండకాయలు చక్రాలుగా కోయాలంటే చాకు మీద బొటనవేలు గట్టిగా ఆనించాలి, నా బొటనవేలు మొదట్లోనే వాపు. గోంగూర కట్ట విప్పి ఒక్కో ఆకూ గిల్లాలి. అదే అన్నమైతే? బియ్యం కడిగి ఎలక్ట్రిక్ కుక్కర్‌లో పోసి స్విచ్ నొక్కితే అయిపోయింది. సీసాలో ఆవకాయ ఉంది, డబ్బాలో కందిపొడి ఉంది, నెయ్యి ఉంది. చేతులు సహకరించని మనిషి పళ్లెంలో అన్నం గుట్టగా, కూర చెంచాడుగా ఎందుకుంటుందో అర్థమైందా? అది నోరు కట్టుకోలేకపోవడం కాదు. బరువు పెంచే తిండికి చేతిపని తక్కువ, బరువు తగ్గించే తిండికి చేతిపని ఎక్కువ. ఇంత చిన్న సంగతి ఏ డైట్ చార్టులోనూ కనపడదు.

పోనీ బయట కొనుక్కుందామంటే కర్రీ పాయింట్ ఉంది. మా వీధి చివరే ఉంది, పాపం ఆదుకుంటుంది కూడా. బెండకాయ వేపుడు ప్యాకెట్ విప్పితే ముక్కల కన్నా ముందు నూనె గిన్నెలోకి జారుతుంది. పెద్ద చెంచాడు నూనె అంటే 120 క్యాలరీల దాకా. అరగంట మామూలుగా నడిచినా ఖర్చయ్యేది ఇంచుమించు అంతే. ఇది తెలిశాక నాకు ఒక రకంగా మనసు కుదుటపడింది. అంటే నడవలేకపోతే అంతా అయిపోయినట్టు కాదు, బరువు లెక్క ఎక్కువగా తేలేది వంటింట్లోనే. కానీ ఆ వంటిల్లు నా చేతుల్లో లేదు కదా, చేతులే సరిగ్గా లేవు కదా, అక్కడ మళ్లీ కథ మొదటికొస్తుంది.

మా ఇంట్లో మారింది ఏంటో చెప్తాను, నచ్చితే చూడండి. ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి నెలకి కొంత ఎక్కువిచ్చి రోజూ రెండు రకాల కూరగాయలు తరిగి ఫ్రిజ్‌లో పెట్టమన్నాను. బయట వాకింగ్ బూట్లకి పెట్టే డబ్బు అనుకోండి. మా ఆయనకి వంట రాదు కానీ చాకు పట్టుకోవడం వచ్చు, ఆదివారం ఆకుకూరలు ఆయన పని, న్యూస్ చూస్తూ గిల్లుతారు, నేలంతా పోస్తారు, ఏమీ అనను. పప్పులోనే తోటకూరో సొరకాయో దండిగా వేసి ఉడికిస్తే వేరే కూర చేసే బాధ తప్పుతుంది. అన్నం చిన్న గిన్నెతో ఒకసారే పెట్టుకోవడం, కూర రెండుసార్లు వేసుకోవడం. గుడ్లు ఉడకబెట్టుకోవడానికి వేళ్లతో పనేం ఉంది, ఒలిచేది మా అమ్మాయి. మజ్జిగ, మొలకలు, ఉడికించిన శనగలు. ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. పని పంచుకోవడం ఒక్కటే. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి, పనిమనిషిని పెట్టుకునే స్తోమత లేనివాళ్లకి ఇది కూడా కుదరదని నాకు తెలుసు, వాళ్లకి "మీరు బరువు తగ్గాలి" అని చెప్పే ముందు ఎవరైనా ఒక్కసారి వాళ్ల వంటింట్లోకి తొంగిచూడాలి.

కొర్రలు, సామలు, అరికెలు తినమనే బ్యాచ్‌కి కూడా ఒక మాట. పీచు ఎక్కువ, మంచివే, నేనూ తింటాను. కానీ వండకముందు తూకం వేస్తే వంద గ్రాముల కొర్రల్లో, వంద గ్రాముల బియ్యంలో క్యాలరీలు దాదాపు ఒకటే. కొర్రన్నం కదా అని పళ్లెం నిండా పెట్టుకుంటే కాటా ముల్లు అక్కడే ఉంటుంది. ఇక కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్లు, రోజుల తరబడి ఉపవాసాలు, వీటి జోలికి మాలాంటివాళ్లు పోకపోవడమే మేలు. కడుపులో ఏమీ లేకుండా ఇన్ని మాత్రలు వేసుకుంటే ఏమవుతుందో చెప్పేవాళ్లకి తెలియదు. ఈ కీళ్లవాతానికే ఇచ్చే మెథోట్రెక్సేట్ మందు వారానికోసారి వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పుతూ ఉంటుంది, ఆ రోజు ఏది గొంతు దిగితే అదే తిండి. చారన్నం దిగితే చారన్నం. ఆ రోజు నాకు ఏ డైటూ లేదు.

చుట్టాల గురించి రాయకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. రోగం ఉన్న మనిషిని చూడటానికి వట్టి చేతులతో రాకూడదని మనకో పద్ధతి. మంచిదే. కానీ తెచ్చేది హార్లిక్స్, బిస్కెట్లు, కాజాలు, పూతరేకులు, అవన్నీ మంచం పక్కన నా చేతికందేలా పెట్టి, "తినవే, తింటేనే కదా మందులు పనిచేసేది" అని బలవంతం చేసి, వెళ్లేటప్పుడు గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ మా అత్తయ్యతో "కదలకుండా కూర్చుంటే ఒళ్లు చేయక ఏమవుతుంది వదినా" అంటారు. మంచానికి, కుర్చీకి పరిమితమైన మనిషికి రోజంతా పొద్దుపోదు, నొప్పికి రాత్రి నిద్ర ఉండదు, నిద్ర చాలకపోతే ఆకలి ఇంకా పెరుగుతుంది, ఎదురుగా టీవీ, పక్కన కాజాల డబ్బా. ఆ డబ్బా అక్కడ పెట్టింది నేను కాదు.

ఇంకో చిత్రం వినండి. ఒకసారి జబ్బు బాగా తిరగబెట్టి తిండి సయించక, జ్వరంతో చాలా చిక్కిపోయాను. ఆ తర్వాత ఒక పెళ్లిలో కనిపించిన ప్రతి ఒక్కరూ "అబ్బ, ఎంత స్లిమ్ అయ్యావే, ఏం చేశావ్" అని మెచ్చుకోవడమే. చిక్కడం అంటే అప్పుడు నా తొడల్లో కండ పోయింది, కుర్చీలోంచి లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. ఈ జబ్బులో వాపు ఎక్కువగా ఉన్నప్పుడు కండ కరిగి, కొవ్వు అలాగే ఉండిపోవడం బాగా తెలిసిన సంగతే. కాటాకి ఇవేమీ తెలియవు, రెండూ కిలోలే దానికి. అందుకే నాకు కిలోల కన్నా కుర్చీ ముఖ్యం. చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నానా లేదా, అదీ నా లెక్క. తగ్గాలని ప్రయత్నించకుండా బరువు పడిపోతుంటే సంతోషపడకండి, డాక్టరుకి చెప్పండి.

అలాగని బరువుకి, మోకాళ్లకి సంబంధం లేదని నేను అనట్లేదు. ఒంట్లో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుందని మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్ల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. అంటే మాలాంటివాళ్లు పాతిక కిలోలు తగ్గి ఫొటోలు పెట్టక్కర్లేదు, మూడు నాలుగు కిలోలు తగ్గినా మెట్టు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. నాకు తెలిసింది.

వ్యాయామం అంటే వాకింగే అన్న మూఢనమ్మకం కూడా వదిలించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన వ్యాయామ మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకి, వైకల్యం ఉన్నవాళ్లకి విడిగా సూచనలు పెట్టింది. అందులో నాకు నచ్చింది, అస్సలు చేయకపోవడం కన్నా కాస్త చేసినా మేలే అని చెప్పడం. ఫిజియోథెరపిస్టు నేర్పినవి నేను డైనింగ్ కుర్చీలోనే చేస్తాను. కూర్చునే ఒక కాలు ముందుకి చాపి కొన్ని సెకన్లు అలా ఉంచి దించడం. మడమ నేలకి ఆనించి పాదం పైకీ కిందకీ ఆడించడం. రబ్బరు బ్యాండు మోచేతికి తగిలించి లాగడం, ఎందుకంటే వేళ్లతో పట్టుకోలేను. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకుని లేచి కూర్చోవడం, అలవాటయ్యాక దిండు తీసేయడం. వీటితో కొవ్వు కరిగిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఖర్చయ్యే క్యాలరీలు కొంచెమే. కండ నిలబడుతుంది, అది చాలు. జబ్బు ముదిరి కీళ్లు ఎర్రగా, వేడిగా ఉన్న రోజుల్లో బ్యాండు పక్కన పెట్టేసి మెల్లగా ఆడించడం మాత్రమే. యూట్యూబ్ చూసి మొదలుపెట్టకండి, ఒక్కసారైనా ఫిజియో దగ్గర నేర్చుకోండి, ఎవరి కీలు ఎంతవరకు వంగుతుందో వాళ్లు చూసి చెప్తారు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. అవి తీసుకునేవాళ్లని బద్ధకస్తులని వెక్కిరించడం నాకు నచ్చదు, నడవలేని మనిషికి మందు సాయం కావడంలో సిగ్గుపడాల్సింది ఏముంది. కాకపోతే తగ్గే బరువులో కండ కూడా ఉంటుంది, వాంతులు, మలబద్ధకం ఉంటాయి, మనం వాడే మిగతా మందులతో ఎలా ఉంటుందో చూడాలి, కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే వస్తువు కాదది. నేను వాడట్లేదు, అంతకుమించి చెప్పను.

చివరిగా బరువు చూసుకోవడం. మాకు తెలిసిన ఏ ఆసుపత్రిలో చూసినా బరువు మిషన్ గోడవారగా, చిన్న పలక మీద, పట్టుకోవడానికి ఏమీ లేకుండా ఉంటుంది. కర్ర పట్టుకుని ఎక్కితే కర్ర బరువు కలుస్తుంది, గోడ పట్టుకుంటే బరువు తగ్గుతుంది, వదిలేస్తే నేను పడతాను. సిస్టరు గారు "పోయినసారి ఎంతమ్మా?" అని అడిగి అదే రాసేసిన రోజులున్నాయి. ఆ రాసిన అంకె చూసే డాక్టరు గారు "ఏం తగ్గలేదే" అంటారు. ఇంట్లో టేపుతో నడుము కొలత చూసుకుంటున్నాను, అదే నయం.

కింద ఎవరైనా షేక్ పౌడర్, డిటాక్స్ టీ అని ఫోన్ నంబర్లు పెడితే డిలీట్ చేస్తాను, ముందే చెప్తున్నా. గుంటూరు, విజయవాడల్లో కూర్చుని బరువు చూసుకునే కుర్చీ మిషన్ ఎక్కడైనా ఉందని తెలిస్తే మాత్రం తప్పకుండా రాయండి, ర్యాంపు ఉందో లేదో కూడా చూసి రాయండి.