పోలీస్ యాక్ట్ 30: నెలసరి సంచిక

ఒకటో తారీఖున జీతం పడకపోయినా పడకపోవచ్చు, డీఎస్పీ ఆఫీసు నుంచి ఆ ప్రకటన మాత్రం వచ్చి తీరుతుంది. సబ్ డివిజన్‌లో నెలాఖరు వరకు పోలీస్ యాక్ట్ 30వ సెక్షన్ అమలు, అనుమతి లేనిదే సభలు, ర్యాలీలు, ధర్నాలు కుదరవు.

దాని తయారీ మాటలా? పోయిన నెల ఫైలు తెరవాలి. నెల పేరు మార్చాలి. ఆ తర్వాతే అసలు పరీక్ష: ఈ నెలకు ముప్ఫై రోజులా, ముప్ఫై ఒకటా? రైటర్ పిడికిలి బిగించి కణుపులు లెక్కపెడతాడు. ఫిబ్రవరి అయితే క్యాలెండర్ కోసం కానిస్టేబుల్ పరుగెత్తాలి. లీపు సంవత్సరమైతే పైవాళ్లకు ఫోన్ కొట్టాలి. ఇంత మేధోమథనం మధ్య శాంతిభద్రతలకు వచ్చిన ముప్పేమిటో ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

సిపాయిల తిరుగుబాటుకు జడుసుకుని 1861లో ఆ చట్టం చేసిన తెల్లదొర నయం. ఊరేగింపుకు దారీ వేళా నిర్ణయించమన్నాడు. గొడవ జరుగుతుందని అధికారికి నమ్మకం కుదిరితే లైసెన్సు తీసుకోమనాలన్నాడు, దానికీ రుసుము వద్దన్నాడు. మాట వినకపోతే 32వ సెక్షన్ కింద జరిమానా, రెండొందలకు మించకుండా. అసలు సభలే వద్దనమని ఎక్కడా అనలేదు. వీధి సభల్ని క్రమబద్ధం చేయొచ్చుగానీ మొత్తానికే మూసేయకూడదని హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. అయినా కందుకూరు తొక్కిసలాట తర్వాత, 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ 30నే పట్టుకుని, రోడ్ల మీద సభలకు అడ్డుకట్టగా జీవో 1 తెచ్చింది. మే 12న హైకోర్టు కొట్టేసింది. 2024 జూలై 1న సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ అనే కొత్త చట్టం వచ్చింది, గుమిగూడొద్దనే పాత 144 కాస్తా 163 అయింది, ముందస్తు అరెస్టుల 151 కాస్తా 170 అయింది. ప్రభుత్వమూ మారింది. ప్రకటనలో మాత్రం నెల పేరే మారుతోంది.

'చలో విజయవాడ' అంటే చాలు, తెల్లారకముందే అంగన్‌వాడీ టీచర్ గుమ్మం ముందు జీపు ఆగుతుంది. ఏ సెక్షనండీ అది? గృహ నిర్బంధం అన్న మాట 30లో లేదు. 170 వాడాలంటే ఆమె కాగ్నిజబుల్ నేరానికి, అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయగలిగే నేరానికి, పథకం వేసిందని తెలిసుండాలి, అప్పుడైనా మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా 24 గంటలు దాటి ఉంచకూడదు. జీతం పెంచమనడం ఏ నేరం? సాయంత్రం దాకా కుర్చీ వేసుక్కూర్చుని, కాగితమ్ముక్క ఇవ్వకుండా లేచిపోతారు. రాసిస్తే కోర్టులో నిలవదని వాళ్లకు తెలుసు కాబట్టే ఇవ్వరు! సిగ్గుండాలి.

సెక్షను, సంతకం, టైము వేసి కాగితం ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే జీపు నంబరు, వాళ్లు వచ్చిన టైము, పోయిన టైము రాసి పెట్టుకోండి. హైకోర్టులో రిట్ వేసే లాయరు మొదట అడిగేది అవే.