పిల్లాణ్ణి అడగడమనే దురాచారం

బెజవాడలో ఈ మధ్య ఒక కొత్త దురాచారం మొదలైంది. టెన్త్ ఫలితాలు వచ్చిన ఇళ్ళలో కొందరు తల్లిదండ్రులు, చదువుకున్నవాళ్ళే, చూడ్డానికి మర్యాదస్తుల్లాగే ఉండేవాళ్ళే, పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని "నీకేం చదవాలనుందిరా?" అని అడుగుతున్నారు. పటమటలో ఒకింట్లో, భవానీపురంలో ఇంకొకింట్లో ఇలా జరిగిందని విన్నప్పుడు పుకారులే అనుకున్నాను. తీరా మా అక్క ఇంట్లోనే జరిగేసరికి కలం పట్టక తప్పింది కాదు.

మనది అడిగే సంప్రదాయం కాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ ఆ సామెత అన్నానికే చెల్లుతుంది, ఎంపీసీకి చెల్లదు. ఎంపీసీ అడక్కుండానే పెడుతుంది. చాలమ్మా అని చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే ఇంకో గరిటె ఐఐటీ కోచింగ్ వడ్డిస్తుంది.

నన్నూ ఎవరూ అడగలేదు. మా రోజుల్లో బెజవాడలో కాలేజీ అంటే గట్టిగా చెప్పుకునేవి నాలుగైదు పేర్లు. 1937 నాటి ఎస్సారార్ అండ్ సీవీఆర్, 1953లో పుట్టిన లయోలా, ఆడపిల్లలకైతే 1962లో వచ్చిన మేరిస్ స్టెల్లా, అలాగన్నమాట. (కృష్ణకి అవతల గుంటూరువాళ్ళకి 1885 నుంచే ఏసీ కాలేజీ ఉంది. ఆ సంగతి వాళ్ళు పెళ్ళి భోజనాల్లో కూడా గుర్తు చేస్తారు.) మా నాన్నగారు ఇన్ని పేర్లతో బుర్ర పాడుచేసుకోలేదు. మా వీధి చివర ఆగే సిటీ బస్సు ఏ కాలేజీ ముందు నుంచి వెళ్తుందో అదే నా కాలేజీ అన్నారు. గ్రూపు సంగతి అప్లికేషన్లు తీసుకునే కిటికీ దగ్గర తేలిపోయింది. ఎంపీసీ లైను గేటు దాకా ఉంది. సీఈసీ లైన్లో ముగ్గురున్నారు. నాన్నగారు వాచీ చూసుకుని "ఆఫీసుకి టైమైంది, పద" అన్నారు. అలా నేను కామర్స్ విద్యార్థినయ్యాను. ఇంత శాస్త్రీయమైన పద్ధతి చేతిలో ఉండగా పిల్లల్ని అడగాల్సిన ఖర్మేమిటి?

ఇక మా అక్క ఇంట్లో జరిగిన ఘోరం. మా బావకి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు. మేనల్లుడికి 600కి 541 వచ్చాయి. పిల్లల మనసు తెలుసుకోండి అంటూ ఎవరో మాట్లాడిన వీడియో ఒకటి ఆ వారమే బావ ఫోన్లోకి వచ్చింది. చూసి, కదిలిపోయి, టిఫిన్ల దగ్గర అడిగేశాడు. వాడు కొంచెమైనా నసిగితే బాగుండేది. చట్నీలో అట్టుముక్క ముంచుకుంటూ "పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చేస్తా నాన్నా" అన్నాడు.

అక్క చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది. పెనం మీద అట్టు మాడిన వాసన హాల్లోకొచ్చేదాకా ఎవరూ మాట్లాడలేదు.

"నేనిన్నేళ్ళు గ్రీజులో చచ్చింది నువ్వు మళ్ళీ ఆ ఆటోనగర్‌కి రాకూడదనేరా" అన్నాడు బావ చివరికి. అన్ని రాష్ట్రాల లారీలు బాడీ కట్టించుకోవడానికి ఆటోనగర్‌కి రావచ్చు, మనవాడు మాత్రం రాకూడదు. తండ్రి మనసు అలాంటిది.

వాడు ఊరుకోలేదు. స్నేహితుడితో కలిసి నెట్ సెంటర్లో పాలీసెట్‌కి అప్పటికే అప్లై చేశాడట. లెక్క కూడా చెప్పాడు. ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, మొత్తం 6. డిప్లొమా మూడేళ్ళు, ఆ తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్‌లో నేరుగా సెకండియర్‌లో సీటు, అక్కడ మూడేళ్ళు, మొత్తం 6. అటు తిరిగినా ఇటు తిరిగినా ఆరేళ్ళే, డిప్లొమా దారిలో అయితే మధ్యలో ఆగినా చేతిలో ఒక పని ఉంటుంది అన్నాడు.

అక్క కళ్ళు తుడుచుకుంది. "లెక్కల్లో ఇంత చురుకైన పిల్లాణ్ణి ఎంపీసీలో వేయకపోతే పాపం చుట్టుకోదూ?" అంది.

చూశారు కదా, ఒక్క ప్రశ్న ఇంటినెంత అల్లకల్లోలం చేస్తుందో. అడగాలని మరీ నాలుక దురదపెడితే దానికో పద్ధతుంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని "కాఫీయా, టీయా?" అంటాం గానీ "ఏం తాగుతారు?" అనం. అన్నామా, బాదంపాలంటాడు. అలాగే పిల్లల్ని "ఎంపీసీయా, బైపీసీయా?" అనే అడగాలి. రక్తం చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళకి ఎంపీసీ, లెక్కలు చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళకి బైపీసీ. రెండూ చూసి కళ్ళు తిరిగేవాడికి సీఈసీ, అది కూడా చుట్టాల ముందు కాకుండా. మా బావ సీఈసీ మాటెత్తితే ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వి, జీఎస్టీ కాగితాలు సంచీలో పెట్టుకుని గవర్నర్‌పేటలో ఆడిటరు గారి ఆఫీసుకెళ్ళి, ఆయన పిలిచేదాకా బెంచీ మీద బుద్ధిగా కూర్చుంటాడు. హెచ్ఈసీ అనే గ్రూపు కూడా ఒకటుంది. చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం. అందులో చేరిన పిల్లాణ్ణి మా వీధిలో ఎవరూ చూడలేదు. వాళ్ళంతా ఎక్కడో కూర్చుని గ్రూప్స్ రాసి, తర్వాత మన ఫైళ్ళ మీద సంతకాలు పెడుతుంటారని అనుమానం.

నిజానికి ఈ అడగడాలూ చెప్పడాలూ మన మీద పడకుండా బెజవాడ ఎప్పుడో ఒక ఏర్పాటు చేసుకుంది. దాని పేరు పీఆర్ఓ, అంటే ప్రైవేటు కాలేజీలకి పిల్లల్ని పట్టుకొచ్చే మనిషి. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, పిల్లాడింకా ప్రీ ఫైనల్ పరీక్షలు రాయకముందే, సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే ఆయన ఫోన్ వస్తుంది. "సార్, బాబు టెన్త్ కదండీ?" మన నంబరు ఆయనకెలా తెలిసిందని అడక్కూడదు. పెద్దమ్మ కొడుకు దగ్గర లేని నంబరు ఆయన దగ్గర ఉంటుంది. ఇవాళ బుక్ చేసుకుంటే ఇంత తగ్గింపు, ఈ నెలాఖరైతే ఇంత, మార్కులొచ్చాక మాత్రం మన చేతుల్లో ఉండదు సార్ అంటాడు.

ఒక మే నెల మిట్టమధ్యాహ్నం మా అపార్టుమెంటు మెట్ల మీద ఒకాయన కూర్చుని నీళ్ళు తాగుతుంటే పలకరించాను. ఫిజిక్స్ లెక్చరరట. వేసవిలో పాఠాలుండవు కనక ఇన్ని అడ్మిషన్లు తేవాలని టార్గెట్ ఇస్తారట. ఉష్ణగతిక శాస్త్రం చెప్పే మనిషి బెజవాడ రోహిణి ఎండలో బైకు మీద ఇంటింటికీ తిరుగుతుంటే ప్రాక్టికల్స్ లేవని ఎవరనగలరు?

క్యాంపస్ చూడ్డానికి బావ నన్నూ రమ్మన్నాడు. రామవరప్పాడు రింగు దాటి గన్నవరం వైపు వెళ్తుంటే దారి పొడవునా ఫ్లెక్సీలే. ఒకే అమ్మాయి మూడు కాలేజీల ఫ్లెక్సీల్లో అదే రెండు జడలతో నవ్వుతోంది. ఇంటరెక్కడ చదివిందో ఆ పిల్లకైనా తెలుసో లేదో. టీవీ పెడితే "ఒకటీ, ఒకటీ, ఒకటీ" అని అరిచే గొంతులు విని పెరిగిన ఊరు మాది. ఎల్కేజీ పిల్లలకి అంకెలు వరసగా రాకపోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

క్యాంపస్‌లో మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి పేపర్ గ్లాసుల్లో మామిడి జ్యూస్ ఇచ్చారు. బ్రోచర్లో పచ్చగడ్డి మైదానం ఉంది. కిటికీలోంచి చూస్తే రెండు బిల్డింగుల మధ్య సందు, అందులో బోరు మోటారు, దాని పైన తాడు మీద ఆరేసిన యూనిఫారాలు. "గ్రౌండు?" అన్నాను. "అదేనండీ, సాయంత్రానికి బట్టలు తీసేస్తాం" అన్నాడు పీఆర్ఓ ఏమాత్రం తొణక్కుండా.

తర్వాత బ్యాచ్‌ల గురించి చెప్పాడు. ఐఐటీ బ్యాచ్, దాని మీద ఇంకో ఐఐటీ బ్యాచ్, దాని కింద మెయిన్స్ బ్యాచ్, ఈఏపీసెట్ బ్యాచ్, అన్నిటికన్నా కింద ఐపీఈ బ్యాచ్. ఈ చివరిదంటే ఇంటర్‌లో చేరి ఇంటర్ మాత్రమే చదివే పిల్లలు. వాళ్ళ మాట వచ్చినప్పుడు ఆయన గొంతు కాస్త తగ్గింది.

"మీవాడు ఐఐటీ మెటీరియల్ సార్."

"ఎలా తెలిసిందండీ?"

"ఆ కళ్ళు చూడండి సార్, ఆ ఏకాగ్రత."

మావాడు కిటికీలోంచి బోరు మోటారునే చూస్తున్నాడు. దాని శబ్దం తేడాగా ఉందని, బేరింగు పోయిందని నా చెవిలో చెప్పాడు.

నేను కామర్స్‌వాణ్ణి కదా, కూర్చున్నచోటే ఒక లెక్క వేశాను. దేశంలో ఐఐటీలు 23. అన్నిట్లో కలిపి ఏడాదికి సీట్లు 18,000కి అటూ ఇటూ. జేఈఈ మెయిన్ రాసేవాళ్ళు పది లక్షలకు పైగా. అందులోంచి అడ్వాన్స్‌డ్ రాయనిచ్చేది రెండున్నర లక్షల మందిని. ఆ రింగు దగ్గర్నుంచి గూడవల్లి దాకా ఉన్న ఏసీ గదుల్లో ఆ ఒక్క మధ్యాహ్నం ఇచ్చిన మాటలన్నీ నిలబెట్టాలంటే ఒక్క బెజవాడకే ఇంకో 23 ఐఐటీలు కావాలి. ఈ సంగతి చెబుదామని నోరు తెరిచాను. బావ తొడ మీద గిల్లాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇక్కడ వినేవాడు డబ్బు కూడా ఎదురు కడతాడు.

ఫీజు దగ్గర మాత్రం మా బావలోని ఆటోనగర్ బయటికొచ్చింది. లక్షా ఎనభై అని రాసిన కాగితం మీద పీఆర్ఓ పెన్సిల్‌తో కొట్టేసి లక్షా అరవై ఐదు అన్నాడు. బావ లేచి నిలబడ్డాడు. లక్షా యాభై ఐదు. గుమ్మం దాకా నడిచాడు. "సార్, సార్, పైవాళ్ళతో మాట్లాడి వస్తా" అని లోపలికెళ్ళి, పైవాళ్ళతో మాట్లాడ్డానికి పట్టేంతసేపు అక్కడ నిలబడి, లక్షా యాభైకి తేల్చాడు. బీసెంట్ రోడ్డులో చెప్పుల బేరం కూడా ఇంత నిజాయితీగా జరగదు. ఈ గొడవంతా అవుతుంటే చదవబోయేవాడు పక్క కుర్చీలో కూర్చుని మూడో గ్లాసు జ్యూస్ తాగుతున్నాడు. వాణ్ణి ఎవరూ ఒక్క మాట అడగలేదు. మర్యాద అంటే అదీ.

అదే వారం మా అపార్టుమెంటుకి ఇంకో పీఆర్ఓ స్వీట్ బాక్సుతో వచ్చాడు. లిఫ్టు ఎక్కకుండా వెనక వాచ్‌మన్ గదికెళ్ళాడు. వాచ్‌మన్ కూతురు మున్సిపల్ స్కూల్లో చదివి 587 తెచ్చుకుంది. "ఫీజొద్దు, హాస్టల్ ఫీజొద్దు, పుస్తకాలు మేమే ఇస్తాం, అమ్మాయి మా దగ్గర చేరితే చాలు" అన్నాడట. ఐదో అంతస్తులో బావలాంటివాళ్ళు బేరమాడి కట్టే డబ్బు కింది గదికి ఉచితంగా ఎలా దిగుతుందో, ఆ పిల్ల ముఖం రెండేళ్ళ తర్వాత ఫ్లెక్సీ ఎక్కి ఇంకో ఐదో అంతస్తుని ఎలా పట్టుకొస్తుందో అప్పుడర్థమైంది. చాలా అందమైన ఏర్పాటు. పాడుచేసింది వాచ్‌మనే. ఆయనా అడిగాడు! "ఏం చేద్దామమ్మా?" అన్నాడట. ఆ పిల్ల నూజివీడు ట్రిపుల్ ఐటీ అంది. 2008లో పెట్టారు, బెజవాడకి దగ్గరే. ఎంట్రన్స్ లేదు, టెన్త్ మార్కులతోనే తీసుకుంటారు. ప్రభుత్వ బడి పిల్లలకి కాస్త అదనంగా కలుపుతారు కూడా. అక్కడే రెండేళ్ళ పీయూసీ, అక్కడే నాలుగేళ్ళ బీటెక్. పీఆర్ఓ పాపం స్వీట్ బాక్సు వెనక్కి తీసుకెళ్ళలేకపోయాడు. కాజాలు మా అంతస్తు దాకా వచ్చాయి.

మావాడు ఎంపీసీలో, రెసిడెన్షియల్‌లో చేరాడు. ఇనప ట్రంకు పెట్టె, తాళం, బకెట్టు, అక్క పెట్టిన కందిపొడి. పాలీసెట్ ర్యాంకు కార్డు వచ్చిందిట గానీ అది షాపులో బిల్లుల కింద ఎక్కడో ఉంది.

మొదటి ఔటింగ్‌కి నేనే వెళ్ళి తీసుకొచ్చాను. ఆదివారం, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా. మాల్‌కి వెళ్దామా, సినిమాకా అంటే (కాఫీయా టీయా పద్ధతిలోనే అడిగాను, గమనించగలరు) ఆటోనగర్‌కన్నాడు. సెలవు రోజు కదా, షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఒక షెడ్డు ముందు సగం బాడీ కట్టిన లారీ నిలబడి ఉంది. క్యాబిన్ చెక్క మీద ఇంకా పెన్సిల్ గీతలు. వాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, కింద పడుకుని చాసిస్ చూసి, చొక్కా దులుపుకుంటూ లేచాడు. హాస్టల్లో మోటారు ఆగితే ఇప్పుడు తననే పిలుస్తున్నారని చెప్పాడు. "ఈ పని నీకెవరు నేర్పార్రా?" అని వార్డెన్ అడిగాడట.

విన్నారు కదా, హాస్టళ్ళలో కూడా అడగడం మొదలైంది.

తిరుగు దారిలో పునుగుల బండి దగ్గర ఆగాం. వాడు పొట్లం విప్పుతూ ఉన్నట్టుండి "మామయ్యా, నువ్వు సీఈసీ ఎందుకు తీసుకున్నావ్?" అన్నాడు.

నాలుగున్నరయింది. ఐదింటికి గేటు వేసేస్తారు. వాచీ చూసుకున్నాను.

"టైమైంది, పద" అన్నాను.